ఊదా రంగు

మునిసిపల్ ఆఫీసు మేడమీద, ఉత్తరపు గదిలో
ఇరవై రెండేళ్లుగా శ్రీకాకుళానికి రంగులేస్తున్నాను.
ఇళ్లకి పసుపు, అంగళ్లకి నీలం,
బడికీ ఆసుపత్రికీ ఎరుపు,
నాగావళి వరద తాకినంత మేరా ఆకుపచ్చ,
రాబోయే ఫ్యాక్టరీలకి ఊదా.

ఊదా సీసా ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

ఆమదాలవలస రోడ్డు పక్క తొంభై ఎకరాలు
ఒక్క రాత్రిలో పూశాను అప్పట్లో.
పరిశ్రమలు అని రాసి కింద గీత కూడా గీశాను.
ఆ గీత మీద ఇప్పుడు మేకలు మేస్తున్నాయి.
పునాదిరాయి వెనక తుమ్మ మొలిచింది,
రాయి మీది పేర్లలో సగం మంది మాజీలు.

మొన్న బుధవారం తెల్లకారులో ముగ్గురొచ్చారు.
జీడిపప్పు ఒలిచి, వేయించి, డబ్బాల్లో నింపే కంపెనీ.
కమిషనర్ గారు శాలువాలు తెప్పించారు,
పొందూరువి కావు, దొరికినవి.
నేను మ్యాపు విప్పి నాలుగు మూలలా బరువులు పెట్టాను.
స్థలం చవక, అన్నాం. నీళ్లున్నాయి, అన్నాం.
వేసవిలో? అన్నారు.
రైలు? అన్నారు.
మా ఊరి పేరు పెట్టుకున్న స్టేషను
పక్క ఊళ్లో ఉందని చెప్పబోయి
ఇద్దరం ఒకేసారి దగ్గాం.

వాళ్లలో పెద్దావిడ, మందపాటి కళ్లద్దాలు,
మ్యాపు మీదికి వంగి అడిగింది:
"రాత్రి పదకొండింటికి మిషను ఆగిపోతే
ఇక్కడ ఎవర్ని లేపాలి?"

కమిషనర్ గారు నా కేసి చూశారు.
నేను మ్యాపు కేసి చూశాను.
మ్యాపుకి ఆ సంగతి తెలీదు.

నాకు తెలుసు.

కంచరి వీధి చివర, పచ్చని పసుపు రంగులో,
రెండిళ్ల సందున తవిటినాయుడి లేతు.
అరిగిన జీడికోత బ్లేళ్లు పలాస నుంచి
పొద్దున బస్సు టాపు మీద వస్తాయి,
సాయంత్రం బస్సుకి పదునెక్కి పోతాయి.
నివాస ప్రాంతంలో యంత్రం నడుపుతున్నావని
మూడు నోటీసులిచ్చాం అతనికి.
మూడింటి మీదా అక్షరాలు నావే, గుండ్రంగా.

కారు ఆ సందులో పట్టలేదు. నడిచాం,
కాలవ మీది చెక్కల మీదుగా,
ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని.

నన్ను చూడగానే తవిటినాయుడు స్విచ్చి కట్టేశాడు.
"నాలుగోదా, బావూ?"

ఆవిడ ఒక బ్లేడు తీసి అంచు మీద వేలు నడిపింది.
ఇక్కడే చేస్తారా?
"సేత్తాం. రోజుకి ముప్పై.
మూడు ఫేజుల కరెంటిస్తే నూరు సేత్తాం.
కాగితం ఎట్టి పదకొండు నెల్లయింది.
ట్రాన్స్‌ఫార్మర్‌కి జాగా సూపించమంటారు,
జాగా అడిగితే మ్యాపులో నేదంటారు."
మేనకోడలు నీలవేణి, ఐటీఐ ఫిట్టరు,
ఏమీ అనకుండా ఆ బ్లేడుకి నూనె రాసి
కాగితంలో చుట్టి ఆవిడ చేతికిచ్చింది.

చెబుతాం, అన్నారు వెళ్తూ.
చెబుతాం అంటే ఏమిటో ఈ ఊరికి తెలుసు.

ఆదివారం సైకిలేసుకుని తిరిగాను, జేబులో పెన్సిలు.
ఏడు రోడ్ల కూడలి వెనక మోటార్లకి రాగితీగ చుట్టే అన్నదమ్ములు.
డాబా మీద అట్టపెట్టెలు అతికే నలుగురాడవాళ్లు.
మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ గదిలో
కాటాలు సరిచేసే ముసలాయన.
నన్ను చూసి ఒకరు మీట ఆపేశారు,
ఒకరు గోనె కప్పారు,
ఒకరు కుర్చీ వేశారు, అది ఇంకా బాధ.
సాయంత్రానికి అరవై మూడు చుక్కలు.
ఇన్నేళ్లూ రమ్మంటున్నది ఎవర్ని,
దాక్కోమంటున్నది ఎవర్ని.

సోమవారం కమిషనర్ గారి బల్ల మీద పరిచాను.
ముందు ట్రాన్స్‌ఫార్మర్‌కి నాలుగు గజాలు,
కాలవ మీద రాతిపలక, సందుకో దీపం.
అర్జీకి ఒకే కిటికీ,
పదిహేను రోజుల్లో అవునో కాదో,
కాదంటే ఎందుకో.
తొంభై ఎకరాల సంగతి ఆ తర్వాత.

ఆయన చాలాసేపు చూసి
"ఈ చుక్కలకి రంగేదయ్యా?" అన్నారు.
పసుపు మీద ఊదా వేస్తే బురదవుతుంది సార్, వేసి చూశాను.
"మరి?"
పెన్సిలే ఉండనివ్వండి.
పెరిగితే చెరిపి పెద్దవి గీయాలి కదా.

ఫైలు పైకి వెళ్లింది. కంపెనీ ఇంకా చెప్పలేదు.
నాలుగో నోటీసు నా సొరుగులో ఉంది, తేదీ లేకుండా.
మూడోది షట్టరు మీద పై అంచుకే అంటుకుని ఉంది.
గాలికి లేచినప్పుడు చూశాను:
వెనక తవిటినాయుడు
రెండో లేతుకి లెక్క రాసుకున్నాడు.
కూడిక సరిగానే ఉంది.